ఎద్దుల సోమవారం

మౌలాలి మామ పోయాడని వాళ్ళ కొడుకు కాశీం ఫోన్ చేస్తే, తెల్లారి మొదటి బస్సుకే అనంతపురం నుంచి బయలుదేరాను. గుమ్మఘట్ట దాటి మా ఊళ్ళో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. మట్టి చేయడం ముందురోజు సాయంత్రమే అయిపోయిందట. హుసేనమ్మత్త నన్ను చూసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఆ తర్వాత ఇద్దరం టీ తాగాం. ఇక ఏం చేయాలో నాకు తోచలేదు. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. పెళ్ళిళ్ళలో చేతకాదు, సినిమా హాల్లో చేతకాదు, చావింట్లో కూడా చేతకాదని ఆరోజు తెలిసింది. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళంతా మెల్లగా మాట్లాడుకుంటుంటే నేను కాళ్ళు ముడుస్తూ, చాపుతూ, గోడకున్న పాత క్యాలెండర్లు లెక్కపెడుతూ ఉన్నాను. కాశీం నా అవస్థ కనిపెట్టినట్టున్నాడు. "దా అక్కా, అట్ల చేన్ల తట్టు పోయొద్దాం" అని లేచాడు.

రాత్రి మంచి వాన పడినట్టుంది. ఎర్రమట్టి ఇంకా ముద్దగా చెప్పులకు అంటుకుంటోంది. దారి పక్క చేనులో ఎవరో ట్రాక్టరుతో విత్తనం వేయిస్తున్నారు. వెనకాల ఇనుప గొర్రు, దాని మీద పెద్ద పెట్టె, మనిషి చేయి పడకుండానే గింజలు సాళ్ళలోకి జారిపోతున్నాయి. చూడముచ్చటగానే ఉంది. కానీ ఏదో తప్పు జరుగుతున్నట్టు నాకు లోపల గుచ్చుకుంటోంది, ఏమిటో అంతు చిక్కలేదు. కొంత దూరం నడిచాక గుర్తొచ్చింది. "కాశీం, ఈ పొద్దు సోమారం గదప్పా?" అన్నాను. ఔనన్నాడు. "మరి సోమారం ఇత్తనం ఏస్తాండారే!" అన్నాను. నాన్న పోయిన బాధలో ఉండి కూడా వాడు నవ్వాడు. "ట్రాక్టరుకేం సోమారమక్కా? డీజలు పోస్తే పోతాది." ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో ఇప్పటికీ చెప్పలేను.

మా వైపు సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టేవాళ్ళు కాదు. అది బసవన్న దినం. సేద్యం లేదు, బండి లేదు, బావి నీళ్ళు తోడే కవిల తోలడం లేదు. మనుషులకు ఆదివారం అంటూ ఒకటుందని నాకు బడికి పోయేదాకా తెలియదు, ఎద్దులకు సోమవారం ఉందని మాత్రం మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. ఆరోజు వాటికి నీళ్ళు పోసి రుద్దడం, చెవుల సందుల్లో పట్టిన పిడుదులు ఏరడం, కొమ్ములకు ఆముదం రాయడం, నుదుట విభూతి పెట్టడం, ఉడకబెట్టిన ఉలవలు గాడిలో పోయడం. ఇవన్నీ చేసే పని నాది. అంటే ఎద్దుకు సెలవైతే నాకు చాకిరి అన్నమాట. ఇదేం న్యాయమని అమ్మను అడిగితే, "నీ మెడ మీద కాడి పెట్టినప్పుడు అడుగు న్యాయం" అనేది.

మా ఇల్లు రాతి గోడల మట్టిమిద్దె. గడప దాటి లోపలికి అడుగు పెడితే మొదట ఎద్దు, తర్వాతే మనుషులు. ముందు భాగం పల్లంగా ఉండేది, అక్కడ గాడి, ఎద్దు, చొప్ప మోపులు. రెండు మెట్లెక్కితే మేము. రాత్రిళ్ళు నేను పడుకునే చోటికి ఎద్దు ఊపిరి తగిలేది. పేడ వాసన, ఎద్దు గంజు పోసిన తడి వాసన, నానబెట్టిన గానుగ చెక్క వాసన, పొయ్యి మీద ఉలవలు ఉడికే వాసన, ఇవన్నీ కలిసిన గాలిలో పెరిగినదాన్ని. పట్నంలో మా ఇంటికొచ్చిన వాళ్ళు అగరొత్తుల వాసన బాగుందంటే నాకు లోపల నవ్వొస్తుంది. మా ఎద్దు పేరు ఎర్రోడు. ఒక్కటే ఎద్దు, రెండోదాన్ని సంపాదించే తాహతు మాకు ఎప్పుడూ రాలేదు. రెండిళ్ళ అవతల మౌలాలి మామకూ ఒక్కటే, బూడిదరంగుది, పేరు మైలోడు. ఈ రెండూ కలిస్తేనే ఒక కాడి. వాళ్ళు దూదేకుల సాయిబులు, మేము బసవన్నకు మొక్కేవాళ్ళం, అయినా నాయన ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాడు, ఆయన నాయనను బావా అనేవాడు, నేను మామా అనేదాన్ని. ఎద్దులు కలిసిన ఇళ్ళ మధ్య ఉండే చుట్టరికం పెళ్ళితో కలిసిన ఇళ్ళ మధ్య కూడా నేను చూడలేదు. పెళ్ళిలో ఒకసారి అలిగితే ఏళ్ళు గడిచిపోతాయి. ఎద్దుల విషయంలో అలిగితే వానకు ఇద్దరూ మునుగుతారు.

ఆ రెండు ఎద్దులకూ ఒక పట్టింపు ఉండేది. ఎర్రోడు దాపటెద్దు, అంటే కాడికి ఎడమ పక్కన కట్టాలి. మైలోడు వలపటిది, కుడి పక్క. చిన్నప్పుడు ఏ పక్క అలవాటు చేస్తే ఆ పక్కే, పక్క మారిస్తే రెండూ బిగుసుకుని నిలబడిపోయేవి. అందుకని మా ఎద్దు ఇంకొకరి కాడికి సరిపోయేది కాదు, వాళ్ళదీ అంతే. విత్తనాల వేళ వంతులుండేవి. ఒక ఏడు మొదట మా చేను, తర్వాత వాళ్ళది. మరుసటి ఏడు వాళ్ళది మొదట.

ఇక మా నాయన. నాకున్న ఈ తిరుగుడు బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ వెతుక్కోనక్కర లేదు. అన్నం తినేటప్పుడు కూడా ఆయన కూర్చునేవాడు కాదు. సంగటి ముద్దలో ఊరిబిండి పచ్చడి పెట్టుకుని, చేతిలో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవాడు. నాలుగడుగులు వేసి ఆకాశం చూడడం, మళ్ళీ నాలుగడుగులు వేసి గాలి ఎటుందో చూడడం. వాన పడిన మర్నాడు చేతిని మణికట్టు దాకా మట్టిలోకి దోపి, పిడికెడు తీసి పిసికి, ముద్ద నిలిస్తే పదునుందని, పొడిగా రాలితే లేదని చూసుకునేవాడు. మా ఎర్రనేలల్లో పదును నిలవదు. పైన పడ్డ నీళ్ళు కింది గులకరాళ్ళలోకి దిగిపోతాయి, మిగిలిన తేమను పడమటి గాలి ఎత్తుకుపోతుంది. ఆషాఢం గాలంటే పిల్లలం మిద్దె మీద నిలబడలేకపోయేవాళ్ళం. వాన కురవడం ఒక ఎత్తు, ఆ తడి పోయేలోగా గింజ లోపలికి పోవడం ఒక ఎత్తు. ఈ రెండింటి మధ్య నాయన కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

నేను చెప్పబోయే ఆ ఏడాది మా పరిస్థితి బాగా లేదు. అంతకు ముందటి ఏడు పంట పోయింది, చొప్ప వామి అడుగంటింది. వేసవంతా అమ్మ, నేను గట్ల వెంట తిరిగి దొరికిన గడ్డీ గాదమూ కోసుకొచ్చి ఎర్రోడికి వేశాం. మిద్దె మీది పాత బోదగడ్డిని కూడా దులిపి పెట్టాం. వాడి డొక్కల మీద ఎముకలు కనిపిస్తుండేవి. ఒకరోజు నాయన గోడకేసి చూస్తూ, "ఈ వానకు ఇత్తనం పడకపోతే ఎర్రోన్ని సంతకు తోలేద్దాం" అన్నాడు. బుడ్డలు వేస్తే కాయ మనకు, కాయ తెంపాక మిగిలే కట్టె ఎద్దుకు. మా దగ్గర వేరుశనగను బుడ్డలనే అంటాం. విత్తనం పడకపోతే కట్టె లేదు, కట్టె లేకపోతే మేపలేం. ముసలి బక్క ఎద్దును సంతలో ఎవరు కొంటారో, దేనికి కొంటారో నాకు ఆ వయసుకే తెలుసు. ఆ మాట విన్న తర్వాత నాకు తిండి సయించలేదు. అమ్మ మాత్రం విత్తన బుడ్డలు ముందేసుకుని ఒలుస్తూ కూర్చుంది. బొటనవేళ్ళు బొబ్బలెక్కి చిట్లినా గుడ్డ చుట్టుకుని ఒలిచింది. ఆకలేసి ఒక్క గింజ నోట్లో వేసుకుంటే నా చేతి మీద చరిచింది.

ఆరుద్ర కార్తెలో, ఒక ఆదివారం పొద్దుగూకే వేళ వాన వచ్చింది. ఎదురుచూసి ఎదురుచూసి ఇక రాదనుకున్నాక వచ్చిన వాన. మేము చూరు కింద నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. వాన వెలిసిన తర్వాత నాయన నవ్వు ఆగిపోయింది. ఏం వారమని వేళ్ళు మడిచి చూసుకున్నట్టున్నాడు. మర్నాడు సోమవారం.

తెల్లారకముందే లేచి చేనికి పోయి వచ్చాడు. వస్తూ వస్తూ పిడికెడు మట్టి తెచ్చి అమ్మ ముఖం ముందు పెట్టాడు. ముద్ద నిలిచింది. "ఈ పొద్దు మాపటి దాకా ఉంటాది, అంతే" అన్నాడు. మాది మిట్ట చేను, ఊరికి పడమటి పక్క గుట్ట అంచున ఉండేది, గాలి మొదట తాకేది దాన్నే. అప్పటికే గాలి లేచింది. తలుపు రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఊరంతా అదే స్థితి. ప్రతి ఇంటి ముందూ మగవాళ్ళు నిలబడి మేఘాల వంక, ఎద్దుల వంక చూస్తున్నారు, ఎవరూ గొర్రు ముట్టడం లేదు. విత్తనం తట్టలు సిద్ధం, తడి సిద్ధం, మనుషులు సిద్ధం, ఊరు ఊరంతా చేతులు కట్టుకుని నిలబడింది. అంత తొందరతో అంత మంది ఏమీ చేయకుండా నిలబడడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. నేను రోజూలాగే పేడ తీసి, ఎర్రోడికి నీళ్ళు పోసి రుద్దుతున్నాను. వాడి వెన్ను మీద చేయి వేస్తే నాకు ఏడుపొస్తోంది. నాయన ఇంటి ముందు అటూ ఇటూ తిరిగి తిరిగి, ఉన్నట్టుండి మౌలాలి మామ ఇంటికి బయలుదేరాడు. నేను తడి చేతులతోనే వెంటపడ్డాను.

మామ వాకిట్లో ఆముదం గిన్నె పట్టుకుని మైలోడి కొమ్ములకు రాస్తున్నాడు. మామ కూర్చోమన్నా నాయన కూర్చోలేదు.

"మౌలాలీ, పదును పోతాండాది. మైలోన్ని ఇప్పు, గొర్రు కడదాం."

మామ తల తిప్పలేదు. "ఈ పొద్దు సోమారం బావా."

"సోమారమని నాకు తెల్దా? గాలి సూసినావా ఎట్ల కొడతాండాదో? రేపటికి మిట్టన తేమే ఉండదు."

"నీ ఎద్దు నీ ఇష్టం. నా ఎద్దు మాత్రం ఈ పొద్దు మెడ వంచదు."

నాయనకు కోపం వచ్చింది. కోపం వస్తే ఆయనకు నోటికి హద్దుండదు. "నువ్వు సాయిబువి. నీకు బసవన్న ఏమైతాడప్పా?"

"నాకేం గాడు" అన్నాడు మామ, రెండో కొమ్ముకు ఆముదం పూస్తూ. "నా ఎద్దుకు అయితాడు గదా. దాని దినం దానిది. ఆరు దినాలు మన మాట వినింది, ఒక దినం మనం దాని మాట ఇనాల."

నాయన వాకిట్లోనే ఇంకో నాలుగు చుట్లు తిరిగాడు. తర్వాత ఆయన గొంతు మారింది. "ఈ తూరి ఇత్తనం పడకపోతే ఎర్రోడు సంతకు పోతాడు మౌలాలీ" అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. మామ చేయి ఆగింది. ఎర్రోడు పోతే మైలోడు ఒంటెద్దు, ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. కానీ ఆయన ముఖంలో నాకు కనిపించింది ఆ లెక్క కాదు. గిన్నె కింద పెట్టి, చేతుల జిడ్డు తన తలకు రాసుకుని, గోడకు ఆనించిన గొర్రు వైపు చూశాడు.

"ఎద్దులకు సోమారం. మనకు యాడిది సోమారం బావా? మనకూ మెడలుండాయి గదా. గొర్రు ఎత్తు, పోదాం."

"మనం లాగేదా?"

"ఏం, నామర్దానా?"

"అది కాదప్పా. ఈ యేడు మొదటి వంతు నీది. నీ చేనికి పోవాల."

"నాది వంక పక్క పల్లం, రెండు దినాలు ఆగుతాది. నీది మిట్ట, ఆగదు. ఊరికే మాట్లాడి పదును పోగొట్టుకోవాకు, నడువు" అని లోపలికి చూసి, "ఏమ్మే, ఎల్లిరా" అని హుసేనమ్మత్తను కేకేశాడు.

నాలుగు పళ్ళ గొర్రుకు రెండు పళ్ళు ఊడదీశారు, లేకపోతే మనుషుల వల్ల కాదు. గింజలు పోసే కొయ్యగిన్నెను జడ్డిగం అంటారు, దానికి అడుగున నాలుగు బెజ్జాలు, వాటి నుంచి నాలుగు వెదురు గొట్టాలు పళ్ళ దగ్గరికి పోతాయి. రెండు బెజ్జాల్లో అమ్మ తన పాత రైక గుడ్డ కుక్కింది. జడ్డిగంలో గింజలు వదలడం అమ్మ పని, గొర్రును వెనక నుంచి నొక్కిపట్టడం హుసేనమ్మత్త పని. లాగాల్సింది నాయన, మామ. తీరా కాడి ఎత్తుకోబోయేసరికి ఇద్దరికీ తగువొచ్చింది. మామ వచ్చి ఎడమ పక్క నిలబడ్డాడు. "ఆడ నేనుండాల" అన్నాడు నాయన. "యాడైతే ఏం?" అన్నాడు మామ. "మాది దాపటెద్దు. కాబట్టి నేనూ దాపటే" అన్నాడు నాయన, చాలా గంభీరంగా. మామ ఒక క్షణం ఆయన ముఖం చూసి కుడి పక్కకు వచ్చాడు. అమ్మ, అత్త కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గట్టు మీద అప్పటికే ఊళ్ళో వాళ్ళు కొందరు చేరారు. సరిహద్దు ఊరు కదా, ఒకాయన కన్నడంలో ఏదో అని పకపక నవ్వాడు. నాయన తల ఎత్తకుండా కాడి భుజాలకెత్తుకున్నాడు.

నా పని రెండు ఎద్దుల్నీ గట్టు మీద మేపడం, చేనులోకి రానివ్వకపోవడం. వాటికి మంచి రోజు. అంతకు ముందటి చినుకులకు లేచిన పసరు గట్టు నిండా ఉంది, మైలోడు తల దించినవాడు మళ్ళీ ఎత్తలేదు. కింద మాత్రం నలుగురూ వంగిపోయి నడుస్తున్నారు. మొదటి సాలు కొంత దూరం బాగానే పోయింది. తర్వాత నాయన తొందర ఎక్కువై ముందుకు లాగితే, మామ వెనకబడి, గొర్రు పక్కకు గుంజుకుపోయింది. "దాపటెద్దు దుడుకుది వదినా, ముల్లుగర్ర ఉండాదా?" అంది అమ్మ. "వలపటిది మాత్రం తక్కువ తినిందా? సగం దూరానికే నురగలు కక్కుతాండాది" అంది హుసేనమ్మత్త. మగవాళ్ళకు నవ్వే ఊపిరి కూడా లేదు. వాళ్ళ మెడల నరాలు తాళ్ళలా లేచి కనిపిస్తున్నాయి. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే భయమేసింది. నాయన ఎద్దులాగా కనిపించడం నాకు నచ్చలేదు.

నా పక్కన ఎర్రోడు మేత మానేశాడు. చెవులు నిక్కించి చేను వైపే చూస్తున్నాడు. గొర్రు పళ్ళు మట్టిలో దిగే చప్పుడు వాడికి తెలుసు, ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా తను అక్కడ ఉండేవాడు. తాడు గుంజుకుని చేనులోకి దిగాడు. నేను తాడు వదలకుండా, వాడు ఈడుస్తుంటే వెనకాల పోతూ అరుస్తున్నాను. వాడు పరుగెత్తలేదు, ఎవరినీ పొడవలేదు, నేరుగా పోయి నాయనకు ఎడమ పక్కన నిలబడి, వాళ్ళతో సమంగా అడుగులు వేయడం మొదలుపెట్టాడు. మెడ మీద ఏమీ లేదు. అయినా మెడ వంచుకుని నడుస్తున్నాడు. నాయన, "తోలుకపో పాపా వీన్ని, సాలు తొక్కుతాండాడు" అని అరిచాడు. నేను అదిలిస్తే కదలలేదు, కొమ్ము పట్టి లాగితే కదలలేదు. వాళ్ళు సాలు చివర తిరిగితే వాడూ తిరిగాడు. మామ కాడి దించి, చెమట తుడుచుకుని, "బావా, నీ ఎద్దుకు నీ మాదిరే కూసోని తినే రాత లేదు" అన్నాడు. నాయన వాడి గంగడోలు కింద చేయి పెట్టి నిమిరాడు. చివరికి అందరం కలిసి నెట్టి గట్టు మీది తుమ్మకు కట్టేశాం. సాయంత్రం దాకా వాడు తాడు గుంజుతూ అరుస్తూనే ఉన్నాడు. మైలోడు మేస్తూనే ఉన్నాడు. పొద్దున నవ్విన వాళ్ళలో కొందరు మధ్యాహ్నానికి తమ గొర్రుల పళ్ళు ఊడదీసుకుని చేన్లకు పోయారు.

పొద్దు వాలేసరికి సగం చేను అయింది. మిగిలిన సగం మా కళ్ళ ముందే పైన తెల్లబారుతోంది. నాయన ఇంకో సాలు, ఇంకో సాలు అంటూనే ఉన్నాడు గానీ మామ కూలబడిపోయాడు, అత్తకు చేతులు లేవడం లేదు. ఇంటికొచ్చాక అమ్మ వాళ్ళిద్దరి భుజాలకూ, ఎద్దులకు రాయగా మిగిలిన ఆముదమే రాసింది. మర్నాడు రెండెద్దులూ మామ పల్లపు చేనికి పోయాయి. అక్కడి పని ముగిసేసరికి మా మిట్టన మిగిలిన సగంలో నాయన పిడికిలి పెట్టి చూస్తే మట్టి వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. ఆ సగం అలాగే వదిలేశాం. వేసిన సగం మొలిచింది. సాళ్ళు మాత్రం పాము పోయినట్టు వంకరటింకరగా మొలిచాయి. దారిన పోయే ప్రతివాడూ ఆగి, ఇవి ఏ ఎద్దులు తోలిన సాళ్ళని అడిగేవాడు. ఎర్రోడు సంతకు పోలేదు.

ఆ మిట్ట చేను ఇప్పుడు మాది కాదు. కాశీంతో పోయినప్పుడు చూశాను, అక్కడ గాలిమర నిలబడి ఉంది. అంత పొడుగు స్తంభం, మూడు రెక్కలు, రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుందట. మా పదునును ఎండబెట్టిన పడమటి గాలే దాన్ని తిప్పుతోంది. దాని కింద నిలబడితే వచ్చే ఆ రొద నాకు బాగా తెలిసినదిలా అనిపించింది, నా లోపలి రొదలాగే ఉంది. నేను పట్నం వెళ్ళి చదువుకుని, ఉద్యోగం చేసి, రిటైరై కూడా ఒక్క రోజు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సెలవు రోజున కూడా ఫోన్ మోగకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు తిరుగుతాను. అప్పటి రోజులు మంచివని నేను అనను. ఆకలి రోజుల్ని బంగారు రోజులనే వాళ్ళని చూస్తే నాకు కోపం. ఇప్పుడు ఊళ్ళో బోర్లున్నాయి, చీనీ బత్తాయి తోటలున్నాయి, ఎవరి మెడా కాడి కింద నలగడం లేదు, సంతోషమే. కానీ ఆ సోమవారం సంగతి నన్ను వదలదు. ప్రాణం మీదికి వచ్చిన రోజున, ఊరంతా కలిసి ఒక జంతువు సెలవును కాపాడింది. ఎవరూ వాళ్ళను కాపలా కాయలేదు, తప్పితే శిక్ష వేసేవాళ్ళూ లేరు. అంత గట్టిగా పట్టుకున్న మాట ఇప్పుడు నా దగ్గర ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంటే దొరకలేదు. మామ ఉంటే అడిగేదాన్ని, ఆరోజు నీకు అంత మొండితనం ఎక్కడిదని. అడగాల్సిన మాటలన్నీ నాకు ఆలస్యంగానే గుర్తొస్తాయి.

మొలిచిన సగం చేను పచ్చగా, మోకాలి ఎత్తున లేచింది. పూత కూడా బాగా వచ్చింది. పూత ఊడలై మట్టిలోకి దిగే వేళకు వాన కావాలి, రాలేదు. మబ్బు వచ్చేది, గాలి దాన్ని తోసుకుపోయేది, నాయన వాకిట్లో తిరిగేవాడు. పీకే నాడు అమ్మ మొదటి చెట్టు పీకి, మట్టి దులిపి చూసింది. కాయలు ఉన్నాయి, లోపల గింజ లేదు. రెండో చెట్టూ అంతే. అన్నీ లొట్టలే. తర్వాత ఎవరూ చూడలేదు, ఊరికే పీకుతూ పోయాం. మౌలాలి మామ పల్లపు చేనులో రెండు మూటలు దక్కాయి, మాకు ఒక్క చేటెడు కూడా దక్కలేదు. కానీ కట్టె దక్కింది. పచ్చి కట్టె, ఆకు రాలకముందే పీకిన మంచి కట్టె. నాయన, మామ కలిసి మామ దొడ్లో వామి వేశారు. వచ్చే వానల దాకా ఒక ఎద్దుకు సరిపోయే వామి.

మేము బెంగుళూరుకు పనికి పోవాలని తేలిపోయింది. రాళ్ళు మోసే పని, ఊళ్ళో సగం మంది అప్పటికే పోయారు. పోయే రోజు పొద్దున ఎర్రోన్ని మామ దొడ్డికి తోలుకుపోయి, మైలోడి పక్కన, ఎడమ వైపున కట్టేశాం. మామ రెండు గాడుల్లోనూ కట్టె వేశాడు. మూటలు నెత్తిన పెట్టుకుని మేము ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. నేను వాడి మెడ పట్టుకుని ఏడ్చాను. వాడు మూతి గాడిలో పెట్టి, కళ్ళు సగం మూసి, కరకర నములుతూనే ఉన్నాడు. డొక్కలు నిండి ఉన్నాయి, వెన్ను మీద నూనె రాసినట్టు మెరుపు వచ్చింది. నాయన చాలాసేపు చూశాడు.

"మెడ ఇరిగేట్టు లాగింది నేను, తినేది వీడు. మనం పోతాంటే తల గూడా ఎత్తడు సూడు దొంగనాకొడుకు" అన్నాడు. గొంతులో కోపం లేదు.

అమ్మ నెత్తి మీది మూట సర్దుకుంది. వంగి, గాడి బయట పడిన కట్టె పోచలు ఏరి మళ్ళీ వాడి మూతి ముందు వేసింది.

"తిననీలేప్పా. ఈ యేడు మనింట్లో ఒక్కరన్నా కడుపు నిండా తింటాండారు."